బందరుకు వెళ్ళిన రాయి

తెలుగు అక్షరం చెక్కాలంటే బిక్షానికి ఈ వయసులోనూ ఒళ్ళు దగ్గర పెట్టుకోవలసిందే. ఇంగ్లీషు అక్షరాలు నిటారుగా నిలబడతాయి. ఉలికి దారి దానంతటదే తెలుస్తుంది. తెలుగు అక్షరం గుండ్రంగా తిరిగి మళ్ళీ తనలోకే వస్తుంది. ఆ మలుపులో దెబ్బ పిసరంత ఎక్కువైందా, నడిమి రాయి పెంకులా ఎగిరిపోతుంది. అల్వాల్ రోడ్డు పక్కన ఉన్న షెడ్లన్నిటికీ చెక్కే మిషన్లు వచ్చినా, సమాధి మీద తెలుగు పేరు కావాలన్నవాళ్ళు ఇప్పటికీ బిక్షం రేకుల షెడ్డు అడుగుతూ వస్తారు.

ఆ ఉదయం అతను 'డేవిడ్ రాజు' అన్న పేరులో చివరి కొమ్ము తీరుస్తున్నాడు. నేరేడ్‌మెట్‌లో ఉండే ఆషర్ తన తండ్రి సమాధి కోసం చేయించుకుంటున్న నల్లరాయి అది. ఆ తండ్రి బందరులో బడిపంతులుగా చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చి, నిరుడు పోయాడు. తన ఊళ్ళోనే పడుకోబెట్టమని అడిగాడట. అందుకని శవాన్ని బందరు తీసుకెళ్ళి, ఎప్పుడో పోయిన భార్య పక్కనే సమాధి చేశారు. రాయి ఒక్కటే మిగిలిపోయింది.

పని ఎంతవరకు వచ్చిందో చూడడానికి ఆషర్ కారులో వచ్చాడు. వెనక సీటులోంచి ఒక పెద్దావిడ దిగింది. నేత చీర, తెల్లబడిన జుట్టు, చేతిలో స్టీలు ఫ్లాస్కు. ఆషర్ ఆమెను పరిచయం చెయ్యలేదు. ఇంట్లో పనిచేసే మనిషేమో అనుకున్నాడు బిక్షం. ఇంతలో ఆషర్‌కి ఆఫీసు ఫోనొచ్చి రోడ్డు మీదికి వెళ్ళాడు.

"ముట్టుకుని చూడొచ్చా బిక్షంగారూ?" అని అడిగింది ఆవిడ.

బిక్షం తల ఎత్తాడు. అతన్ని 'గారు' అన్నవాళ్ళు ఈ షెడ్డులో ఎవరూ లేరు. "చూడమ్మా, చూడు. దుమ్ముంటది, జెర పైలం," అన్నాడు.

ఆవిడ రాయి పక్కన గొంతుక్కూర్చుని, వేలికొసను అక్షరాల గాడిలో పెట్టి, మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నట్టే తిప్పింది. డేవిడ్ రాజు. ఉపాధ్యాయుడు. ఆలిస్ భర్త, ఆషర్ తండ్రి. ప్రభువునందు నిద్రించెను. అంతే ఉంది రాయి మీద.

"చాలా బాగా వచ్చిందండీ. ఆయన నల్లబల్ల మీద సుద్దతో ఇంత గుండ్రంగానే రాసేవారు," అంది. ఫ్లాస్కు మూత విప్పి టీ పోసి అతనికే ఇచ్చింది.

"సారుకు మీరు ఏమైతరమ్మా?"

"నా భర్తండీ. ఆలిస్‌గారు పోయిన తర్వాత నన్ను చేసుకున్నారు. ఆషర్ అప్పటికి నా నడుందాకా వచ్చేవాడు. నా పేరు దేవకృప."

బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పింది ఆ మాటలు. బిక్షం చేతిలోని టీ వైపు, రాయి వైపు చూశాడు. ఆ రాయి మీద ఉన్న ప్రతి గీతా తను గీసిందే. లేనిది కూడా తను వదిలేసినట్టే అనిపించింది.

ఆషర్ తిరిగి వచ్చాక, ఆవిడ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. బిక్షం ఉలి కింద పెట్టాడు.

"సార్, ఒక మాట. అమ్మ పేరు సుత పడ్తది గదా? ఇంక రంగు వెయ్యలే. కింద ఇంకో వరుసకు జాగ ఉన్నది."

ఆషర్ మొహం బిగుసుకుంది. అతను కసిరే మనిషి కాదు, మెల్లగానే అన్నాడు. "చెప్పింది చెక్కు బిక్షం. మా ఇంటి సంగతులు నీకు తెలియవు."

"అట్లనే సార్."

"ఇంకొకటి. రాయితోపాటు ట్రాలీలో కొంచెం సామాను కూడా వెయ్యాలి. ఆంటీవి. ఆంటీ ఇక బందర్లోనే ఉంటారు, వాళ్ళ చెల్లెలు మేబెల్ దగ్గర. సొంత ఊరు, సొంత మనుషులు. ఆమెకీ హాయి."

దేవకృప తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆ మాటలు వినపడ్డాయో లేదో తెలియదు. ఫ్లాస్కు మూత బిగించింది. సరిగ్గా పడలేదని విప్పి, మళ్ళీ బిగించింది.

సాయంత్రం ఇంట్లో భార్య అనసూయమ్మ బియ్యం ఏరుతుంటే బిక్షం అంతా చెప్పాడు. ఆమె తల ఎత్తకుండానే విన్నది.

"నీకెందుకయ్యా గా పరేషాన్? చెక్కుమన్నది చెక్కినవ్. సచ్చినోళ్ళ పేర్లు రాస్తవు గని, బతికున్నోళ్ళ పంచాయితీలు నీకెందుకు?"

"గట్ల కాదే. ఆమె సామాను, సారు రాయి, ఒక్కటే బండ్ల ఎక్కియ్యాలె నేను. రెండిటినీ దించి రావాలె."

అనసూయమ్మ చేట ఆపింది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. "పోయిరా. సముద్రమన్న జూసొస్తవు. మన ఇండ్ల ఎవ్వరు చూసిన్రు?" అంది.

*

తిరుమల్‌ది అల్వాలే. అతని ట్రాలీలో గడ్డి పరిచి, పాత టైర్ల మధ్య రాయిని పక్కవాటుగా నిలబెట్టి, గోనెలు చుట్టి తాళ్ళతో బిగించారు. మిగిలిన జాగాలో దేవకృప సామాను సర్దారు. రెండు రేకు పెట్టెలు, ఒక కుట్టు మిషను, పరుపు చుట్ట, కుండీలో కరివేపాకు మొక్క. ఒక మనిషి అన్నేళ్ళ కాపురం అంత చిన్న జాగాలో పట్టింది. తిరుమల్ తాడు ముడి చాలాసేపు వేశాడు.

తెల్లవారకముందే బయలుదేరారు. ఆషర్, దేవకృప కారులో ముందు, ట్రాలీ వెనక. సూర్యాపేటలో టిఫిను, బెజవాడ దాటాక పొలాలు, కాలవలు. బందరు దగ్గరపడేసరికి గాలి మారింది. పెదవులు నాక్కుంటే ఉప్పగా తగిలింది. "గిదే సముద్రపు గాలి అన్నా," అన్నాడు తిరుమల్. సముద్రం మాత్రం ఎక్కడా కనిపించలేదు. అది ఊరికి ఇంకా దూరమట. కొత్త రేవు పనులకు పోయే లారీలు మాత్రం వరసగా ఎదురొచ్చాయి.

సమాధుల తోటలో ఊరి మేస్త్రీ ముందే దిమ్మె కట్టి ఉంచాడు. నలుగురు మనుషులను పిలిచి, వాసాలు అడ్డం పెట్టి, రాయిని అంగుళం అంగుళం జరిపారు. బిక్షం రసమట్టం పెట్టి చూశాడు. బుడగ ఎడమకు పోయింది. సన్నటి రాతిపలుకు కింద దూర్చి సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. బుడగ మధ్యకు వచ్చి నిలిచింది. సందుల్లో సిమెంటు పాలు పోసి, తడిగుడ్డతో రాయి మొహం తుడిచాడు. అక్షరాలు ఎండలో మెరిశాయి.

పక్కనే ఆలిస్ సమాధి ఉంది. మీద పరిచినది నాపరాయి. ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచిపోయింది. పేరుండాల్సిన చోట ఏవో గీతల్లాంటివి తప్ప ఏమీ లేవు. ఆషర్ ఆ రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి, ప్రార్థన కావచ్చు. దేవకృప అతనికి కాస్త దూరంగా నిలబడింది. అతను వెళ్ళిపోయేదాకా దగ్గరికి రాలేదు.

మర్నాడు పొద్దున సిమెంటు ఆరేవరకు పని లేదు. తిరుమల్ ఎవరినో అడిగి, డచ్చివాళ్ళ పాత సమాధులు చూద్దాం రమ్మని బిక్షాన్ని లాక్కెళ్ళాడు. ఓడల మీద సరుకు కోసం వచ్చి, తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళ రాళ్ళు అవి. బిక్షం ఒక రాయి ముందు కూలబడ్డాడు. అందులో అక్షరాలు లోపలికి చెక్కినవి కావు. చుట్టూ ఉన్న రాయినంతా తొలిచేసి, అక్షరాన్ని మాత్రం వదిలేశారు. ముట్టుకుంటే వేలికి ఎత్తుగా తగులుతున్నాయి. ఎవరి పేరో, ఏ భాషో బిక్షానికి తెలియదు. చెక్కినవాడి ఓపిక మాత్రం తెలిసి, చేతులు జోడించాడు. ఎప్పటివాడో, తనలాగే నడుము వంచి కూర్చున్నవాడు.

"దండం పెడ్తున్నవేందన్నా? మన దేవుడు కాదు," అని నవ్వాడు తిరుమల్.

"మన పని తమ్మీ," అన్నాడు బిక్షం.

*

సమాధుల తోటకు తిరిగి వచ్చేసరికి దేవకృప ఒక్కతే ఉంది. ఆషర్ పాత చుట్టాలను చూడడానికి వెళ్ళాడట, సాయంత్రం వస్తాడట. వచ్చాక సామాను మేబెల్ ఇంటికి చేర్చాలి. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కొబ్బరిపీచుతో ఆలిస్ రాయిని తోముతోంది. బావినీళ్ళ బకెట్ పక్కనుంది. నాచు వదిలి రాయి లేత బూడిదరంగుకు వచ్చింది.

బిక్షం తన రాయి అంచుల్లో కారిన సిమెంటు గీకుతూ, ఆవిడ ఎప్పుడు అడుగుతుందా అని చూస్తున్నాడు. కొడుకు లేని సమయం చూసి తన పేరు కూడా చెక్కమంటుందని అతనికి ముందే తోచింది. అడిగితే ఏం చెప్పాలో తేల్చుకోలేక రాత్రి సరిగా పడుకోలేదు కూడా. చెక్కుదామనే అనుకున్నాడు. తర్వాత ఆషర్ ఏమంటే అది పడదామనుకున్నాడు.

"బిక్షంగారూ, ఒక సాయం చెయ్యాలి," అంది ఆవిడ.

"చెప్పమ్మా."

"ఈ పేరు మళ్ళీ చెక్కగలరా?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆవిడ తడిచేతితో ఆలిస్ రాయి మీద తట్టింది.

"గా అమ్మ పేరా?"

"అవునండీ. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఏడు, అన్నం తినను, బడికి పోను అని ఆషర్ ఒకటే గొడవ. ఏం చెయ్యాలో తోచక ఇక్కడికి తీసుకొచ్చాను. ఈ రాయి మీద పడుకుని, అక్షరాల్లో వేలు పెట్టి దిద్దుకుంటూ నిద్రపోయాడు. లేచాక అన్నం తిన్నాడు. ఆ తర్వాత ఏటేటా వచ్చేవాళ్ళం. ఆయన అక్షరాలకు రంగు వేసేవారు, నేను డబ్బా పట్టుకునేదాన్ని. ఊరు విడిచాక ఎవరు వేస్తారు?" ఆవిడ పీచును నీళ్ళలో ముంచి పిండింది. "నిన్న చూశారుగా. ఎక్కడ చూడాలో తెలియక వాడి కళ్ళు రాయంతా వెతికాయి."

బిక్షం ఉన్నమాట అనేశాడు. "మీ పేరు చెక్కమంటరనుకున్న అమ్మా."

దేవకృప నవ్వింది. "నాకిప్పుడే ఏం తొందరండీ?"

అతను మోకాళ్ళ మీద వంగి రాయిని వేళ్ళతో తట్టాడు. బోలు చప్పుడు వచ్చింది. లోపల పొరలు విడిపోయి ఉన్నాయి. "అమ్మా, నిజం చెప్తున్న. గిది నల్లరాయి కాదు. సుత్తె దెబ్బ పడితే నిలువునా పలుగుతది. పలిగినంక నేనేం జెయ్యలేను."

"మీరు చెయ్యగలరంటే చెయ్యండి. పగిలితే నేను పగలగొట్టానని చెబుతాను."

సుత్తి పక్కన పెట్టేశాడు బిక్షం. సంచిలోంచి అన్నిటికన్నా సన్నని ఉలి తీసి, నూరుడు రాయి మీద చాలాసేపు పదును పట్టాడు. రాయి మీద నీళ్ళు చల్లి, ఆరేటప్పుడు చూశాడు. మునుపు గాడి ఉన్నచోట తడి కాసేపు ఎక్కువ నిలుస్తోంది. ఆ తడి గీత వెంబడి బొగ్గుతో గుర్తు పెట్టాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ బొగ్గు. మెల్లగా 'ఆ' బయటపడింది. తర్వాత గుడితో సహా 'లి'. ఎవరో పల్లెటూరి పనివాడు చెక్కినట్టుంది, 'లి' కొంచెం పక్కకు ఒరిగింది. దాన్ని సరిచెయ్యబోయి, చెయ్యి ఆపుకున్నాడు. ఆషర్ వేలు తిరిగింది ఆ ఒరిగిన గీతలోనే కదా.

కొట్టడం లేదు, అరచేతితో నెట్టడమే. పిండిలాంటి పొడి రాలుతోంది, ఆవిడ దాన్ని నోటితో ఊదుతోంది. ఎండ ఎక్కింది. ఆవిడ గొడుగు తెచ్చి అతని మీద పట్టింది. "కూసోరాదమ్మా," అంటే, "డబ్బా పట్టుకునే అలవాటు కదండీ," అంది.

చివరి అక్షరం దగ్గర రాయి కిర్రుమంది. 'స్' తల పక్కన వెంట్రుకంత చీలిక కనిపించింది. ఉలి తీస్తే పొర లేస్తుంది, నొక్కితే పగులు పారుతుంది. ఎడమ బొటనవేలితో పొరను అదిమిపట్టి, ఉలిని ఎదురువైపు నుంచి తెచ్చాడు. ఒక పెంకు ఎగిరి వేలు తెగింది. ఆవిడ 'అయ్యో' అనబోయి నోరు మూసుకుంది. అతను వేలు తియ్యలేదు. పొల్లు పూర్తయ్యాకే చెయ్యి ఎత్తాడు. రాయి నిలిచింది.

ఆలిస్.

ఆషర్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. దూరం నుంచే చూశాడు. దగ్గరికొచ్చి, "ఎవరు చెయ్యమన్నారు?" అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది.

బిక్షం లేచి నిలబడ్డాడు. "అమ్మ చెయ్యమన్నది సార్. నీళ్ళు పోసింది, రాయి కడిగింది. పొద్దుగాల నుంచి గొడుగు పట్టుకొని నిలబడ్డది."

ఆషర్ దేవకృప వైపు చూడలేదు. బూట్లు విప్పి రాయి పక్కన కూర్చున్నాడు. అంత పెద్దమనిషీ చూపుడువేలు చాచి, 'ఆ' మొదట్లో పెట్టాడు. 'లి' దగ్గర వేలు దానంతటదే పక్కకు ఒరిగింది. అక్కడ ఆగిపోయాడు. భుజాలు కదిలాయి. బిక్షం పనిముట్లు ఏరుకుంటున్నట్టు అటు తిరిగిపోయాడు.

వెనక నుంచి ఆషర్ మాట వినపడింది. "ఇంట్లో ఎవరు ఏమడిగినా ఆంటీ పేరే చెబుతారు. వంటకు ఆంటీ, ప్రార్థనకు ఆంటీ, నాన్నకు మందులకు ఆంటీ. అమ్మ పేరు ఎత్తేవాళ్ళే లేరు. రాయి మీద కూడా ఆంటీ పేరొస్తే, ఇంక అమ్మ ఎక్కడుంటుంది అనిపించింది." అది దేవకృపతో అంటున్నాడో తనతో తాను అంటున్నాడో తెలియలేదు.

"నాకు తెలుసు నాన్నా," అంది దేవకృప. "అందుకే నేను అడగలేదు."

ఆషర్ లేచి మొహం తుడుచుకున్నాడు. గేటు దగ్గర ట్రాలీ పక్కన నిలబడ్డ తిరుమల్‌తో, "సామాను ఇవాళ దింపొద్దు," అన్నాడు.

*

బిక్షం సముద్రం చూడకుండా బందరు నుంచి వెళ్ళకూడదని దేవకృప పట్టుబట్టింది. పొద్దున్నే అందరూ మంగినపూడి వెళ్ళారు. సముద్రం నీలంగా ఉంటుందనుకున్నాడు బిక్షం. తీరానికి దగ్గర్లో అది టీ రంగులో ఉంది. ఇసక నల్లగా ఉంది, కాళ్ళకింద రేగడి నేలలా మెత్తగా దిగుతోంది. దూరంగా మాత్రం నీళ్ళు వెలిగిపోతున్నాయి. ఆ వెలుగుకు అవతలి గట్టు లేదు. బతుకంతా రాయికి కొలతలు తీసిన కళ్ళు, ఎక్కడ ఆగాలో తెలియక అలా చూస్తూనే ఉండిపోయాయి.

"అద్దకం బట్టలు నింపుకుని ఓడలు ఈ తీరం నుంచే పరాయి దేశాలు పోయేవట. ఆయన పిల్లలను ఇక్కడ నిలబెట్టి పాఠం చెప్పేవారు," అంది దేవకృప, చెప్పులు చేతిలో పట్టుకుని.

ఆషర్ పక్కనే నడుస్తున్నాడు. ఏదో అడగడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చివరికి అడిగాడు. "ఆంటీ, మనం వెనక్కి వెళ్ళిపోదాం. నేను తప్పుగా ఆలోచించాను. నాన్న రాయి మీద మీ పేరు కూడా రాయిద్దాం, బిక్షం ఇక్కడుండగానే."

దేవకృప నీళ్ళలోకి రెండడుగులు వేసింది. అల వచ్చి మడమలు తడిపి పోయింది. ఆమె తొందరపడలేదు.

"బతికుండగా రాయెక్కడం నాకిష్టం లేదు. నేను పోయాక బిక్షంగారే చెక్కుతారు."

"నేనే ముందుగాల పోతే ఏంజేస్తవమ్మా?" అన్నాడు బిక్షం.

"అయితే నేను పోయేదాకా మీరు ఆగాల్సిందే," అంది. ఆషర్ నవ్వాడు. ఆ మనిషి నవ్వడం బిక్షం చూడడం అదే మొదలు.

"మరి ఇంటికి వస్తారా?" అన్నాడు ఆషర్, నవ్వు ఆగాక.

"మేబెల్ పాపం నా కోసం చేపల పులుసు పెట్టి కూర్చుంది. నాలుగు రోజులుంటాను. ఒక పెట్టె దింపండి చాలు, మిగతావి వెనక్కి పట్టుకుపోండి. తర్వాత నువ్వే వచ్చి నన్ను తీసుకెళ్ళు." ఒక్క క్షణం ఆగి, "ఫోను చేసి బస్సెక్కి రమ్మంటే రాను. నువ్వే రావాలి," అంది.

"వస్తాను ఆంటీ," అన్నాడు ఆషర్. ఎప్పటి పిలుపే. అతను మాత్రం ఈసారి ఆమె చేతిలోని చెప్పులు తీసుకుని తను పట్టుకున్నాడు.

బిక్షం ప్యాంటు మడిచి మోకాళ్ళ లోతుకు దిగాడు. వంగి రెండు చేతులూ నీళ్ళలో ముంచాడు. ఏళ్ళ తరబడి పడ్డ పగుళ్ళలోకి, నిన్న తెగిన వేలిలోకి ఉప్పు దూరి చురుక్కుమంది. చేతులు తియ్యలేదు. అలా ఉంచితే మంటలోంచి మెల్లగా చల్లదనం పైకొచ్చింది. అప్పుడే జేబులో ఫోను మోగింది. అనసూయమ్మ.

"ఎట్లున్నదయ్యా సముద్రం?"

"ఎట్ల చెప్పాలెనే? నువ్వు సుత చూడాలె."

"సరే గని." అవతల ఆమె గొంతు తగ్గింది. "ఆ అమ్మను ఆడ్నే దించి వస్తున్రా?"

అతను ఒడ్డు వైపు చూశాడు. దేవకృప అలకు ఎదురెళ్ళి, అది రాగానే చిన్నపిల్లలా వెనక్కి పరుగెత్తుతోంది. ఆషర్ చెప్పుల జత పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"లేదే. ఎన్కకు వస్తది. నాల్గు రోజులాగి సారే వచ్చి తోలుకపోతడట."

ఫోనులో కుక్కరు విజిలు వినపడింది. తర్వాత అనసూయమ్మ అంది, "మంచిగైందయ్యా. నాకు రాత్రంత మనసు మనసుల లేదు. ఆమె వచ్చినంక ఒక పూట మన ఇంట్ల అన్నానికి రమ్మని చెప్పు. నేనే పిలుస్తున్ననని చెప్పు."

"ఇప్పుడే చెప్త," అన్నాడు బిక్షం. తడిచేతిలో ఫోను పట్టుకుని, అలలకు అడ్డంగా నడుస్తూ ఆవిడ దగ్గరికి బయలుదేరాడు.